తలకిందులైతేనే తేరుకునే కారు

పాత అంబాసిడర్‌నో పద్మినినో మళ్లీ నిలబెట్టాలంటే ముందు దాన్ని గాల్లో గిరగిరా తిప్పాలి. ఆ తిప్పుడు స్టాండు ఎక్కడినుంచో తెప్పించుకోనక్కర్లేదు. ట్రాక్టర్ ట్రాలీలు చేసే షెడ్డులోనే తయారవుతుంది.

అంబాసిడర్ పైనుంచి పాడవదు. కిందినుంచి పోతుంది. బానెట్ మీద రంగు వెలుస్తుంది, బంపర్ మీది క్రోము పెచ్చులూడుతుంది. చూసినవాళ్లు అయ్యో అనుకునేది వాటిని చూసే. అసలు జబ్బు కాళ్ల కింద ఉంటుంది. డ్రైవర్ సీటు ముందున్న మ్యాటు ఎత్తి, దాని అడుగున ఉన్న తారు పొరను స్క్రూడ్రైవర్‌తో గీకండి. రేకు ఉండాల్సిన చోట ఎర్రటి పొడి రాలుతుంది. తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే బోలు సిల్ బాక్సును వేలితో గట్టిగా నొక్కితే వేలు లోపలికి దిగిపోతుంది. కమాన్ పట్టీలు తగిలించే చోట, డిక్కీ అడుగున కూడా ఇదే వరస.

డోంగ్లి వైపు ఈ జబ్బు ఇంకాస్త ముదురుతుంది. కామారెడ్డి జిల్లా పడమటి కొసన, 2022లో కొత్తగా మండలమైన ఊరిది. మద్నూరులో 161వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే కాసేపట్లోనే మహారాష్ట్రలోని దెగ్లూరు వస్తుంది. ఇంకో పక్క కర్ణాటక. తెలుగు, మరాఠీ, కన్నడం కలిసి వినిపించే సరిహద్దు సీమ. నేల నల్లరేగడి; సోయా, పత్తి, కంది పండుతాయి. పంటకు మంచిదైన ఆ రేగడి బండికి పగదే. వానాకాలంలో చక్రాల గూళ్లలోకి ముద్దలు ముద్దలుగా ఎక్కి కూర్చుంటుంది. పైకి ఎండి బీటలిచ్చినట్టు కనిపిస్తుంది కానీ లోపలి తడిని రోజుల తరబడి వదలదు. రంగు లేచిపోయిన సన్నని గీత ఒక్కటి దొరికితే చాలు, ఆ తడి రేకును తినడం మొదలుపెడుతుంది.

ఇలాంటి కారు షెడ్డుకు వస్తే మామూలుగా జరిగేది అందరికీ తెలుసు. పైన లాంబీ పట్టించి, నున్నగా రుద్ది, మెరిసే రంగు కొడతారు. కింద తుప్పు మీదే ఒక రేకు ముక్క అతికించి, అది కనబడకుండా నల్లటి అండర్ కోటింగ్ పూస్తారు. రెండు వానాకాలాలు గడిచేసరికి ముక్క ఊడిపోతుంది, దాని చుట్టూ ఉన్న రేకునూ వెంట తీసుకుపోతుంది. ఈ పద్ధతి మీద నాకు కోపం ఉంది గానీ, మేస్త్రీ మీద లేదు. జాకీల మీద లేపిన కారు కింద గోనెసంచి పరుచుకుని వెల్లకిలా పడుకుని, ముఖానికి జానెడు ఎత్తులో వెల్డింగ్ చేయమంటే ఎంత పనిమంతుడైనా ఎంత చక్కగా చేస్తాడు? నిప్పురవ్వలు కాలర్‌లోంచి లోపలికి దూరుతుంటాయి. గీకిన తుప్పు కళ్లలో పడుతుంది. కరిగిన లోహం అతుకులో నిలవకుండా కిందికి జారాలని చూస్తుంది. అక్కడ పని చెడేది నేర్పు లేక కాదు, పడుకున్న తీరు వల్ల.

దీనికి విరుగుడుగా పాత కార్లను బాగుచేసే వాళ్లు ప్రపంచమంతా వాడేది రోటిసరీ. హోటళ్ల ముందు అద్దాల పెట్టెలో ఇనుప కమ్మీకి గుచ్చి తిప్పే గ్రిల్ చికెన్‌ను తలచుకోండి. సూత్రం అదే, పేరూ అక్కడిదే. ఇంజిన్, గేర్‌బాక్సు, చక్రాలు, తలుపులు, అద్దాలు, సీట్లు అన్నీ ఊడదీయగా మిగిలిన ఉత్త బాడీని ముందొక స్టాండు, వెనకొక స్టాండు పట్టుకుంటాయి. రెండిటి మధ్య బాడీని ఏ కోణానికైనా తిప్పి పిన్ను వేసి ఆపొచ్చు. అడుగుభాగం మనిషి ఛాతీ ఎత్తుకు, నిట్టనిలువుగా, వెలుతురులోకి వస్తుంది. పనివాడు నిలబడి పని చేస్తాడు.

ఛాసిస్ ఉన్న బండి వేరు

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డర్ ఇచ్చిన కారది. 1911లో ఆయన కన్నుమూయడంతో ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. వెనక సీటు సింహాసనంలా ఉంటుంది కాబట్టి దానికి థ్రోన్ కార్ అని పేరు. ఆ కారులో ఛాసిస్, ఇంజిన్ రోల్స్‌రాయిస్ వాళ్లవి. పైన బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. అంటే రెండూ వేర్వేరు. బోల్టులు విప్పితే బాడీ ఒక పక్కకు, ఛాసిస్ ఒక పక్కకు వస్తాయి. మన ఊళ్లలో తిరిగిన మహీంద్రా జీపులూ ఈ జాతివే. నలుగురు మనుషులు, ఒక చైన్ బ్లాకు ఉంటే జీపు బాడీని లేపి పక్కన బోర్లించుకోవచ్చు. దానికి తిప్పుడు స్టాండు ఉంటే సుఖం, లేకున్నా గడుస్తుంది.

అంబాసిడర్ అలా కాదు. ఇంగ్లండ్‌లో 1956లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3కి మన దేశపు రూపం ఇది. బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ 1957లో మొదలుపెట్టి 2014 మే దాకా తయారు చేసింది. దీనికి విడిగా ఛాసిస్ లేదు. నేల రేకు, సిల్ బాక్సులు, పిల్లర్లు, టాపు, అన్నీ కలిసి ఒకే గూడుగా బరువు మోస్తాయి. ఫియట్ 1100 నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మినీ అంతే. ఇలా కట్టడం 1922లో ఇటలీ లాన్సియా లాంబ్డాతో మొదలైంది. బరువు తగ్గింది, గట్టిదనం పెరిగింది. కానీ నేల రేకుకు జంగు పడితే మొత్తం కారు బలానికే ఎసరొచ్చే గుణం కూడా దాంతోనే వచ్చింది. పైకి మెరుస్తున్న అంబాసిడర్‌ను వెనక తలుపు దగ్గర జాకీ పెట్టి లేపినప్పుడు తలుపు బిగుసుకుపోయి తెరుచుకోకపోతే, కింద సిల్ ఎప్పుడో చేతులెత్తేసిందని అర్థం. పాత కారు కొనబోయేవాళ్లకు ఇంతకన్నా చౌకైన పరీక్ష లేదు.

ముందు కట్లు, తర్వాత కోతలు

స్టాండు తయారవ్వగానే బాడీ ఎక్కించేయాలనే తొందర అందరికీ ఉంటుంది. అక్కడే ఆగాలి.

కారు చక్రాల మీద నిలబడినప్పుడు దాన్ని మోసే ముందు, వెనక బిందువుల మధ్య దూరం అంబాసిడర్‌లో 97 అంగుళాలు, అంటే ఎనిమిదడుగులు. తిప్పుడు స్టాండు పట్టుకునేది ఈ చివర, ఆ చివర. ఆ దూరం దాదాపు 14 అడుగులు. బరువు తగ్గిందనుకున్నా, ఆసరా దూరం పెరిగేసరికి నడుము దగ్గర వంగే బలం పెరుగుతుంది. సిల్ బాక్సులు తుప్పుతో గుల్లగా ఉన్నప్పుడు వాటిని కోసి తీసేస్తే మధ్యలో మిగిలేది టాపు ఒక్కటే. మీకు కనిపించకుండానే బాడీ పావు అంగుళం కుంగుతుంది. ఆ కుంగిన స్థితిలో కొత్త సిల్ వెల్డింగ్ చేస్తే ఆ వంకర శాశ్వతం. తర్వాత తలుపులు ఎంత సర్దినా పడవు.

అందుకే బాడీ ఇంకా తన చక్రాల మీదో, చదును నేల మీద పెట్టిన నాలుగు దిమ్మెల మీదో ఉండగానే కట్లు వేయాలి. తలుపులు తీయక ముందు తలుపుకీ పిల్లర్‌కీ మధ్య సందులు కొలిచి రాసుకోవాలి. ప్రతి తలుపు ఖాళీలోనూ మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పెట్టి కొలవాలి. ఆ తర్వాత అంగుళం చదరపు పైపుతో తలుపు ఖాళీల్లో అడ్డంగా, ఏటవాలుగా, కారు లోపల ఈ పిల్లర్ నుంచి ఆ పిల్లర్‌కు కట్లు బిగించాలి. కొత్త రేకు పూర్తిగా అతికే దాకా వాటిని ముట్టుకోకూడదు. సిల్ రెండు పక్కలా ఒకేసారి కోయకూడదు. ఒక పక్క పూర్తయ్యాకే ఇంకోటి. ముందు చక్రాల భాగాలు విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. అంబాసిడర్ ముందు చక్రాలకు కాయిల్ స్ప్రింగులు ఉండవు, మెలితిరిగే టార్షన్ బార్లు ఉంటాయి. వాటిలో బిగువు సడలించకుండా బోల్టు విప్పితే చెయ్యి విరుగుతుంది.

స్టాండు బ్రాకెట్లను దేనికి బిగించాలన్నది ఇంకో ప్రశ్న. బంపర్ బోల్టులు చేతికి అందుతాయి కాబట్టి చాలామంది చూపు వాటి మీదికే పోతుంది. అక్కడి రేకు పట్టు చూడకుండా మొత్తం బాడీని దానికి వేలాడదీయడం ప్రమాదం. ముందు ఇంజిన్‌ను మోసే పెట్టె దూలాలు, వెనక కమాన్ పట్టీలు తగిలే చోట్లు బరువు కోసమే పుట్టినవి. బ్రాకెట్లు అక్కడిదాకా చాచాలి.

నాలుగడుగుల లెక్క

స్టాండు మీద బాడీ తిరిగే ఇరుసు ఎంత ఎత్తులో ఉండాలి? అంబాసిడర్ వెడల్పు దాదాపు 66 అంగుళాలు, అందులో సగం 33. ఇరుసు నుంచి సిల్ అడుగు దాకా 22 అంగుళాలు ఉందనుకుందాం. పదో తరగతి పైథాగరస్‌ను పిలిస్తే ఇరుసు నుంచి సిల్ మూలకు దూరం 40 అంగుళాలకు రవ్వంత తక్కువని చెబుతాడు. బాడీ తిరిగేటప్పుడు ఆ మూల నేలకు తగలకూడదు, కింద ఊడ్చుకోవడానికి, కాలు పెట్టడానికి కొంత జాగా కావాలి. కాబట్టి ఇరుసు 48 అంగుళాల ఎత్తులో, అంటే నాలుగడుగుల మీద ఉండాలి. పైకీ అంతే లెక్క: 48కి 40 కలిపితే 88. అంటే షెడ్డు రేకులు కనీసం ఎనిమిదడుగుల ఎత్తున ఉండాలి. ఈ ఒక్క లెక్క వేసుకోక స్టాండు చేశాక షెడ్డు కప్పు లేపించుకునే పని పెట్టుకోకండి.

స్టాండు విషయానికొస్తే మూడంగుళాల చదరపు ఎం.ఎస్. పైపు, నాలుగు మిల్లీమీటర్ల మందంది చాలు. మీటరుకు సుమారు ఎనిమిదిన్నర కిలోలు తూగుతుంది. ఆరు మీటర్ల పైపులు మూడు తెస్తే 150 కిలోల పైచిలుకు. మీ దగ్గరి ఇనుము దుకాణంలో కిలో ధర అడిగి గుణించుకోండి. ఒక్కో స్టాండుకు ఐదడుగుల వెడల్పు అడుగు పైపు, దానికి నిలువు కంబం, రెండు పక్కలా ఏటవాలు ఊతాలు. రెండు స్టాండ్లనూ నేల వెంట ఒక టై పైపుతో కలపాలి. ఒక పైపులోకి ఇంకోటి దూరి, పిన్ను వేసి పొడవు మార్చుకునేలా ఉంటే మంచిది. ఈ టై పైపు లేకుండా వదిలేసిన స్టాండ్లు, సుత్తి దెబ్బలకు మెల్లమెల్లగా దూరం జరిగి ఒకరోజు బాడీని నేల మీద పడేస్తాయి.

చెరకు ట్రాలీ ఇచ్చే ఇరుసు

తిరిగే భాగాన్ని చాలా దేశాల్లో పైపులో పైపు దూర్చి చేస్తారు. అదీ పని చేస్తుంది. బయటి పైపు లోపలి అతుకును గ్రైండర్‌తో చదును చేసి, గ్రీజు నిపుల్ పెట్టించుకోవాలి. కానీ డోంగ్లి, మద్నూరు, బిచ్కుంద చుట్టుపక్కల ఇంతకన్నా మంచి వస్తువు పాత ఇనుము కుప్పల్లోనే దొరుకుతుంది: ట్రాలీ హబ్బు. నిజాంసాగర్ మండలం మాగిలో ఉన్న చక్కెర ఫ్యాక్టరీకి టన్నుల కొద్దీ చెరకు మోసే ట్రాలీ ఇరుసు కొసన రెండు టేపర్ బేరింగుల మీద తిరిగే హబ్బు ఉంటుంది. దానికి చక్రం బిగించే స్టడ్లు ముందే ఉన్నాయి. మూలన పడిన ట్రాలీ ఇరుసును రెండుగా కోస్తే రెండు కొసలూ రెండు స్టాండ్లకు సరిపోతాయి. కొసను కంబానికి వెల్డింగ్ చేసి, చక్రం ఉండాల్సిన చోట బ్రాకెట్ల పళ్లెం బిగిస్తే ఇరుసు సిద్ధం. నిండు లోడును గుంతల్లో మోసిన బేరింగుకు ఉత్త కారు బాడీ ఒక లెక్కా?

ఇనుముతో ఏమైనా చేసేయగలమన్న ధీమా మనవాళ్లకు కొత్తది కాదు. హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం పెట్టిన కె.సుధాకర్ చిత్రవిచిత్రమైన రూపాల్లో నడిచే కార్లు కట్టారు, 2005లో ప్రపంచంలోనే అతిపెద్ద ట్రైసైకిల్ చేసి గిన్నిస్ బుక్కెక్కారు. విజయవాడ ఆటోనగర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. తిప్పుడు స్టాండు వాటి ముందు పిల్ల పని. ఇందులో కష్టమంతా వెల్డింగ్‌లో కాదు, కొలతలో ఉంది.

ఆపడానికి లేత్ షాపులో గుండ్రని పళ్లెం కోయించి, అంచు వెంట 15 డిగ్రీలకొకటి చొప్పున 24 రంధ్రాలు వేయించాలి. 20 మిల్లీమీటర్ల పిన్ను ఏ రంధ్రంలో దూర్చితే బాడీ ఆ కోణంలో ఆగుతుంది. పళ్లెం రెండు స్టాండ్లకూ ఉండాలి. ఒక చివరే ఆపితే, రెండో చివర సుత్తి దెబ్బ పడ్డప్పుడు బాడీ మెలితిరుగుతుంది.

బరువు ఎటు లాగుతుంది?

ఈ యంత్రంలో ప్రాణమంతా ఒకచోటే ఉంది: ఇరుసు గీత బాడీ గరిమనాభి గుండా పోతుందా లేదా అన్నది. పోతే 300 కిలోల బాడీ కూడా ఒంటిచేత్తో తిరుగుతుంది. పోకపోతే మనుషుల్ని కొడుతుంది.

లెక్క చూడండి. బాడీ 300 కిలోలనుకుందాం. గరిమనాభి ఇరుసుకు ఐదు సెంటీమీటర్లు కింద ఉంటే, బాడీని పక్కకు తిప్పినప్పుడు 80 సెంటీమీటర్ల దూరంలో సిల్ పట్టుకున్న చేతి మీద దాదాపు 19 కిలోల బరువు పడుతుంది. ఒక్క సెంటీమీటరే తేడా ఉంటే నాలుగు కిలోలు కూడా పడదు. తేడా 15 సెంటీమీటర్లయితే 56 కిలోలు. అప్పుడు పిన్ను లాగినవాడి గతి ఏమిటో ఊహించుకోండి.

గరిమనాభి ఎక్కడుందో ముందే ఎవరూ చెప్పలేరు. అందుకే బ్రాకెట్ల నిలువు పట్టీలో అంగుళానికొక రంధ్రం ఉంచుకోవాలి. అడుగున జాకీలు ఆనించి ఉంచి, బాడీని కొద్దిగా తిప్పి వదిలి చూడాలి. టాపు వైపు వాలిపోతుంటే బరువు ఇరుసుకు పైన ఉన్నట్టు. బాడీని ఒక రంధ్రం కిందికి దించాలి. మొండిగా వెనక్కి వచ్చి నిటారుగా నిలబడుతుంటే బరువు మరీ కింద ఉన్నట్టు, పైకి లేపాలి. సరిగ్గా సున్నా దగ్గర ఆపకుండా, గరిమనాభిని ఇరుసుకు అర అంగుళం కింద ఉంచడం నా దృష్టిలో మేలు. పిన్ను జారినా బాడీ తనంతట తానుగా నెమ్మదిగా నిటారు స్థితికి వస్తుంది గానీ తలకిందులుగా విరుచుకుపడదు. నేల రేకు సగం కోసేశాక బరువు మారుతుంది, కాబట్టి ఈ పరీక్ష మళ్లీ చేయాలి. తిప్పేటప్పుడు ఇద్దరుండాలి, చూస్తూ నిలబడ్డ పిల్లలు బయట ఉండాలి.

రేకు పని

బాడీ పక్కకు తిరిగి అడుగు కళ్లెదుట నిలిచాక పని మామూలు టింకరింగే. అయినా రెండు మూడు మాటలు. కారు రేకు సుమారు 20 గేజు, అంటే మిల్లీమీటరు కన్నా సన్నం. ట్రాలీలకు వాడే ఆర్క్ వెల్డింగ్ దీని మీద పెడితే బొక్కలు పడతాయి. సీఓటూ వెల్డింగ్, 0.8 మిల్లీమీటర్ల వైరు కావాలి. గీతలా లాగకుండా ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టుకుంటూ, మధ్యలో చల్లారనిస్తూ పోవాలి. ఎర్త్ క్లిప్పును స్టాండుకు తగిలించడం చాలా షెడ్లలో అలవాటు. ఇక్కడ అది తప్పు. కరెంటు హబ్బు బేరింగుల గుండా పోయి వాటి రోలర్ల మీద గుంటలు పెడుతుంది. క్లిప్పు బాడీకే, వెల్డింగ్ చేసే చోటుకు దగ్గరగా ఉండాలి. పెట్రోలు ట్యాంకు, దాని పైపు మొత్తం ముందే బయటికి పోవాలి.

తుప్పు గీకడానికి ఇసుక కొడతారు. అడుగున మందపు రేకు దాన్ని తట్టుకుంటుంది. టాపు, బానెట్ మీద కొడితే రేకు ఉబ్బి అలలు తేలుతుంది. ఇసుక ధూళి ఊపిరితిత్తులకు సిలికోసిస్ తెస్తుంది కాబట్టి ముఖానికి రుమాలు కట్టుకుని ఈ పని చేయడం ఆత్మహత్యతో సమానం. సరైన మాస్కు, గాలి సరఫరా ఉన్న చోటే చేయించాలి.

స్టాండు అసలు గొప్పదనం తెలిసేది దీని తర్వాత. పెట్టె దూలాల్లో, సిల్ లోపల చిక్కుకున్న ఇసుక, తుప్పు పెచ్చులు మామూలుగా ఎప్పటికీ బయటికి రావు. అవే మళ్లీ తడి పట్టి కొత్త రేకును లోపలినుంచి తింటాయి. బాడీని ఒక పూర్తి చుట్టు తిప్పితే గలగలా రాలి నేల మీద కుప్ప పడతాయి. ఆ తర్వాత అదే రంధ్రాల్లోంచి తుప్పు నిరోధించే మైనం పోసి మళ్లీ తిప్పితే, బ్రష్షు దూరని మూలలకు కూడా అది పాకుతుంది. పెద్ద ఫ్యాక్టరీలు ఇదే చేస్తాయి. జర్మనీకి చెందిన డ్యూర్ కంపెనీ రోడిప్ అనే పద్ధతిలో కొత్త కారు బాడీని రసాయనాల తొట్టిలో ముంచి పూర్తిగా ఒక పల్టీ కొట్టిస్తుంది, లోపలి గాలి బుడగలు పోయి పూత అన్ని మూలలకూ అంటాలని. కోట్ల రూపాయల యంత్రం చేసే పనిలో ఒక చిన్న వాటా పాత ట్రాలీ హబ్బు చేయగలదు. పూత పూశాక నీళ్లు కారే రంధ్రాలు మూసుకుపోయాయేమో ఒక కడ్డీతో పొడిచి చూసుకోవాలి. మొదట తుప్పు రావడంలో ఆ రంధ్రాలు మూసుకుపోవడానికీ వాటా ఉంటుంది.

కాగితాల వైపు

ఇంత కష్టం ఎందుకు, పాత అంబాసిడర్ ఇంకోటి తెచ్చి దాని బాడీ మార్చేస్తే పోలేదా అనే వాళ్లుంటారు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు చూస్తే ఆ తెలివితేటలు ఎదురుతిరుగుతాయని తెలుస్తుంది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న రెండు, నాలుగు చక్రాల వాహనాలనే ఈ కోవలోకి తీసుకుంటారు. ఛాసిస్‌లో, బాడీ షెల్‌లో, ఇంజిన్‌లో మార్పులు చేసి ఉండకూడదు. కాబట్టి పుట్టినప్పటి షెల్‌ను, అదే కొలతలతో, పోయిన రేకు మేరకే అతికి కాపాడుకోవడం చట్టం దృష్టిలోనూ సరైన దారి. పని జరిగేటప్పుడు ప్రతి దశలో ఫొటోలు తీసి ఉంచుకుంటే తనిఖీ కమిటీ ముందు మాట్లాడేవి అవే.

కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. కొత్తగా ఇచ్చే నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అనే అక్షరాలుంటాయి. ముందే రిజిస్టరైన బండి తన పాత నంబరే ఉంచుకోవచ్చు. ఆ తర్వాత దాన్ని రోజువారీ అవసరాలకు, కిరాయికి తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, పెట్రోలు పోయించుకోవడం వంటి వాటికే రోడ్డెక్కాలి. 50 ఏళ్ల గీత వల్ల 1979లో మొదలైన మార్క్ 4 అంబాసిడర్లు ఇంకా బయటే ఉన్నాయి. 1963 తర్వాతి మార్క్ 2లు దాటేశాయి. 1974 ప్రాంతంలో పద్మిని పేరుతో వచ్చిన తొలి బండ్లు ఇప్పుడిప్పుడే గీత దాటుతున్నాయి.

ఒక బాడీ పని పూర్తయ్యాక స్టాండు ఖాళీ. వెల్డింగ్ బదులు బోల్టులతో బిగించి ఉంటే విప్పి గోడవారగా నిలబెట్టుకోవచ్చు, లేదంటే సరిహద్దు అవతల దెగ్లూరులో పద్మిని ఉన్నవాళ్లకు కిరాయికి ఇవ్వొచ్చు. పద్మిని అంబాసిడర్ కన్నా అడుగు పైన పొట్టి. టై పైపు పిన్ను లాగి అంతమేర లోపలికి నెట్టాలి. బ్రాకెట్లు కొత్తవి చేయించాలి. బరువు పరీక్ష మళ్లీ మొదటినుంచి.